జాజ్ కోసం డ్రమ్ సెట్‌ను శ్రుతి చేయడం: తువ్వాళ్లు పెడితే అట్టపెట్టె, తీసేస్తే ఒకటే గోల

ప్రశ్న: కొర్లగుంట డ్రమ్మర్, తిరుపతి

అందరికీ నమస్కారం. నేను పదేళ్లుగా తిరుపతి చుట్టుపక్కల పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు, ఆదివారాలు ఒక చర్చిలో డ్రమ్స్ వాయిస్తున్నాను. చిన్నతనంలో నాలుగేళ్లు మృదంగం నేర్చుకున్నాను కాబట్టి, వాద్యాన్ని శ్రుతి చేయడమంటే ఏమిటో నాకు తెలుసుననే ధీమాతో ఉండేవాణ్ని. ఆ ధీమా ఈ నెల రోజుల్లో పూర్తిగా దిగిపోయింది.

రేణిగుంటలో స్థిరపడిన ఒక పెద్దాయన సాక్సఫోన్ వాయిస్తారు. ఆయన, బేస్ గిటార్ వాయించే మిత్రుడొకరు, నేను కలిసి వారానికి రెండు సాయంత్రాలు జాజ్ సాధన మొదలుపెట్టాము. నా సెట్ చెన్నైలో పాతది కొన్నాను. అందులో కాలితో కొట్టే 20 అంగుళాల బేస్ డ్రమ్, 12 అంగుళాల టామ్, నేల మీద నిలబెట్టే 14 అంగుళాల ఫ్లోర్ టామ్, కింద తీగలు ఉండే 14 అంగుళాల స్నేర్ ఉన్నాయి. పైన ఉన్న స్కిన్‌లు, అంటే కొట్టే పొరలు, అన్నీ రెండు పొరలవి. టామ్‌లవైతే ఆ పొరల మధ్య నూనె కూడా ఉండే రకం. పెళ్లి కార్యక్రమాల అలవాటు కొద్దీ వాటి మీద ప్లాస్టర్ ముక్కలు అంటించి, బేస్ డ్రమ్ లోపల ఒక దిండు, రెండు తువ్వాళ్లు కుక్కి ఉంచాను. మొదటి రోజు రెండు పాటలు అయ్యాక పెద్దాయన సాక్సఫోన్‌ను ఒళ్లో పెట్టుకుని, "బాబూ, అట్టపెట్టె మీద కొడుతున్నావా?" అని అడిగారు.

ఉక్రోషంతో మరుసటి రోజు ఉన్నవన్నీ పీకేశాను. అప్పటినుంచి టామ్ కొడితే ఇత్తడి బిందె మెట్ల మీద దొర్లినట్టు మోగుతోంది, దానికి తోడు స్నేర్ తీగలు జరజరమంటున్నాయి, బేస్ డ్రమ్ ఒకసారి కొడితే పాటలో తరువాతి వరుస వచ్చేదాకా ఆగడం లేదు. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని టామ్‌ను షడ్జమానికి కలుపుదామని గంటసేపు కూర్చున్నాను గానీ, ఒక్కో దెబ్బలో రెండు మూడు స్వరాలు వినిపిస్తుంటే దేన్ని పట్టుకోవాలో అర్థం కాలేదు. కర్రలకు బదులు తీగల బ్రష్‌లు పట్టుకుంటే స్నేర్ మీద చప్పుడే రావడం లేదు. జాజ్‌కు 18 అంగుళాల బేస్ డ్రమ్ తప్పనిసరి అని ఒకరు, స్కిన్‌లు మార్చితే చాలని ఇంకొకరు చెబుతున్నారు. ఏది ముందు చేయాలి? ఏ డ్రమ్‌ను ఏ స్వరానికి పెట్టాలి?

జవాబు: పాత డ్రమ్మర్, చిత్తూరు

తమ్ముడికి ఆశీస్సులు. ముప్పై ఏళ్లు వాయించి, భుజం అరిగిపోయి, ఇప్పుడు ఎక్కువగా వింటూ కాలక్షేపం చేస్తున్నవాణ్ని. మీ పెద్దాయన మాట కటువుగా ఉన్నా తప్పు కాదు. అలాగని రెండో రోజు వినిపించిన గోలకు బెదిరి మళ్లీ దిండు దూర్చకండి, ఎందుకంటే మీకు కావలసిన ముడిసరుకు ఆ గోలలోనే ఉంది. ఇన్నేళ్లూ ప్లాస్టర్ల కింద దాక్కున్న శ్రుతి లోపాలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి, అంతే.

పెళ్లి స్టేజీ మీద ప్రతి డ్రమ్ ముందూ ఒక మైకు ఉంటుంది కాబట్టి, దెబ్బ తాలూకు "థప్" తప్ప మిగిలిన నాదమంతా సౌండువాళ్లకు తలనొప్పి. అందుకే మనం డ్రమ్ నోరు నొక్కడం నేర్చుకున్నాము. జాజ్ డ్రమ్స్ పెరిగిన చోటు వేరు. 1940లలో న్యూయార్క్ హార్లెం ప్రాంతంలోని మింటన్స్ వంటి చిన్న క్లబ్బుల్లో కెన్నీ క్లార్క్ వంటి డ్రమ్మర్లు, అంతవరకు బేస్ డ్రమ్ మోస్తూ వచ్చిన కాలప్రమాణాన్ని రైడ్ సింబల్ అనే పెద్ద లోహపు పళ్లెం మీదికి తీసుకువెళ్లారు. దాంతో బేస్ డ్రమ్ పని మారిపోయింది. నాలుగు దెబ్బలూ గట్టిగా కొట్టే బరువు దిగిపోయి, సాక్సఫోన్ వాక్యం మధ్యలో "ఔను" అన్నట్టు ఒక మాట అందించే గొంతుగా అది మిగిలింది. గొంతు కావాలంటే అది మోగాలి, పక్కవారి గొంతును మింగకుండానూ మోగాలి. జాజ్‌వారు డ్రమ్స్‌ను మనకంటే పై శ్రుతిలో, నోరు తెరిచి ఉంచడానికి కారణం ఇదే. చిన్న స్టేజీలు, కారులో మోసుకుపోయే అవసరం కూడా తోడై, 20 అంగుళాలు, తరువాత 18 అంగుళాల బేస్ డ్రమ్‌లు వాడుకలోకి వచ్చాయి. మీ 20 అంగుళాలు చక్కగా సరిపోతాయి. ఆ డబ్బు స్కిన్‌ల మీద పెట్టండి.

పై స్కిన్‌లన్నీ ఒంటి పొరవి, తెల్లటి గరుకు పూత ఉన్నవి తీసుకోండి. ఒంటి పొర మందం సుమారు పావు మిల్లీమీటరు ఉంటుంది. చిన్న దెబ్బకు కూడా పలుకుతుంది. మీ నూనె స్కిన్ పైస్వరాలను మింగేస్తుంది, అసలు దాన్ని చేసిందే అందుకు. బ్రష్ తీగలు రాసుకోవడానికి గరుకు కావాలి కాబట్టి, నున్నటి స్కిన్ మీద మీకు చప్పుడు రాకపోవడంలో మీ చేతి తప్పేమీ లేదు.

ఇక అసలు పని. 12 అంగుళాల టామ్‌తో మొదలుపెట్టండి. రెండు స్కిన్‌లూ విప్పి, షెల్ (డ్రమ్ గుండ్రటి ఒళ్లు) అంచును పొడిగుడ్డతో తుడిచి, కళ్లు మూసుకుని వేలితో చుట్టూ తడమండి. ఎక్కడైనా పెచ్చు లేచి ఉంటే వేలికే తెలుస్తుంది. తరువాత వంటగట్టు గ్రానైట్ బండ మీద, వంట అయిపోయాక ఇంట్లోవాళ్లను అడిగే లెండి, షెల్‌ను బోర్లించి, లోపల సెల్‌ఫోన్ లైటు వెలిగించి, గది దీపం ఆర్పేయండి. అంచు కింద నుంచి వెలుతురు కారుతున్న చోట అంచు సమంగా లేదని అర్థం. గోరంత వెలుతురు ఉంటే సర్దుకుపోవచ్చు. అగ్గిపుల్ల దూరేంత సందు ఉంటే మాత్రం ఎంత తిప్పినా ఆ డ్రమ్ శ్రుతిలో నిలవదు.

ముందు కింది స్కిన్ వేయండి. స్కిన్‌ను బిగించే రాడ్లను వేళ్లతో ఎంత బిగిస్తే అంతే బిగించి, ఆ తరువాత కీతో ఒక్కొక్కదాన్ని పావు చుట్టు మాత్రమే, ఒకదాని తరువాత దానికి ఎదురుగా ఉన్నదాన్ని, నక్షత్రం గీసినట్టు తిప్పుతూ పోవాలి. వరుసగా చుట్టూ తిప్పితే స్కిన్ ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది. ముడతలు పోయాక అరచేతిని మధ్యలో ఆనించి నెమ్మదిగా బరువు వేయండి. చిటపటమని శబ్దం వస్తుంది, భయపడవద్దు. రింగులో స్కిన్‌ను పట్టి ఉంచిన జిగురు సర్దుకుంటోందన్నమాట. శ్రుతి కాస్త దిగుతుంది, మళ్లీ పావు చుట్టు ఎక్కించండి.

ఇప్పుడు డ్రమ్‌ను మడత దుప్పటి మీద పెట్టండి, రెండో వైపు నోరు మూసుకుంటుంది. ఎడమచేతి వేలిని స్కిన్ నడిమధ్యలో తేలికగా ఆనించి, కుడిచేత్తో కర్ర కొనతో ప్రతి రాడ్ దగ్గర, అంచు నుంచి అంగుళం లోపలికి, మెల్లగా తట్టండి. ఆరు చోట్లా ఒకే స్వరం రావాలి. ఒక చోట దిగి ఉందనిపిస్తే అక్కడే తిప్పకుండా, దానికి ఎదురుగా ఉన్న రాడ్‌ను కూడా విని చూడండి. చాలాసార్లు దొంగ అవతలి ఒడ్డున ఉంటాడు. ఎక్కువైతే కావలసినదానికంటే కిందికి దించి మళ్లీ పైకి రండి. దించి వదిలేసిన రాడ్ రెండు పాటలకే జారిపోతుంది.

పై స్కిన్‌కూ ఇదే పద్ధతి. రెండు వైపులా ఒకే స్వరానికి ఉంటే నాదం పొడుగ్గా, నిర్మలంగా సాగుతుంది. కింది వైపు కాస్త ఎక్కువగా ఉంటే మొదట్లో స్పష్టంగా పలికి, త్వరగా ఆగుతుంది. బిందె మోత తగ్గాలంటే ఈ రెండో దారి పట్టండి. స్వరాల సంగతికొస్తే, ఫ్లోర్ టామ్‌ను షడ్జమం అనుకుంటే చిన్న టామ్ శుద్ధ మధ్యమానికి, బేస్ డ్రమ్ మంద్ర పంచమానికి చేరువలో ఉంటే చెవికి హాయిగా ఉంటుంది. ఆ షడ్జమం ఏదన్నది శ్రుతిపెట్టె నిర్ణయించదు, షెల్ నిర్ణయిస్తుంది. పావు చుట్టు చొప్పున ఎక్కించుకుంటూ పోతే ఒక చోట డ్రమ్ ఒక్కసారిగా గొంతు విప్పుతుంది, దాన్ని దాటితే మళ్లీ పీలగా మారుతుంది.

స్నేర్ కింది స్కిన్ చాలా పలచన, మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. దాన్ని బాగా బిగువుగా ఉంచి, పైదాన్ని మధ్యస్థం కంటే కొంచెం పైకి పెట్టండి. తీగలను అతిగా బిగించకండి, బిగిస్తే బ్రష్ వాయింపు ఊపిరాడక చస్తుంది. బేస్ డ్రమ్‌లో దిండుకు బదులు, రెండు మూడు అంగుళాల వెడల్పున్న ఫెల్ట్ (దళసరి ఒత్తు గుడ్డ) పట్టీని స్కిన్ కింద అడ్డంగా ఒక పక్కకు పరిచి బిగించండి. ముందు స్కిన్‌కు రంధ్రం ఉంటే రంధ్రం లేనిది వేయండి. ఆపైన కాలు సంగతి: జాజ్‌లో బేస్ డ్రమ్‌ను నాలుగు దెబ్బలూ వాయించినా, వినేవారికి ఒంట్లో తెలియాలి తప్ప చెవికి విడిగా వినిపించకూడదు. ఆర్కెస్ట్రా కాలితో ఏ శ్రుతీ బాగుండదు తమ్ముడూ. ఇది నా అనుభవం మీద చెబుతున్నాను.

జవాబు: మృదంగం విద్యార్థిని, తిరుపతి

అన్నగారికి నమస్కారం. ఒక్కో దెబ్బలో రెండు మూడు స్వరాలు వినిపించాయని రాశారు. మీ చెవి సరిగానే విన్నది. సాదా పొర ఒకటి బిగించి కొడితే, దాని మూలస్వరాన్ని 1 అనుకుంటే, పైస్వరాలు 1.59, 2.14, 2.30 రెట్ల దగ్గర వస్తాయి. 2, 3, 4 అని పూర్ణాంకాలుగా రావు కాబట్టి అవి ఒకదానిలో ఒకటి కలిసిపోవు, అందుకే ఏది షడ్జమమో తేలదు. మన మృదంగం కుడి వైపున కరణి (నల్లటి పూత) వేసి మధ్యలో బరువు పెంచడం వల్ల ఆ పైస్వరాలు పూర్ణాంకాల దగ్గరకు జరిగి, తంబురా తీగలా ఒకే శ్రుతి పలుకుతుంది. సి.వి. రామన్ గారు శివకాళి కుమార్ గారితో కలిసి 1920లో నేచర్ పత్రికలో రాసింది ఈ సంగతే. కరణి లేని టామ్‌ను మృదంగంలా షడ్జమానికి కలపబోవడం, డప్పును వీణ పక్కన కూర్చోబెట్టి అదే శ్రుతి పలకమనడం లాంటిది.

చిత్తూరు పెద్దాయన మధ్యలో వేలు ఆనించమన్నారు కదా, అందులో ఒక చమత్కారం ఉంది. మనం మృదంగం మీద మీటు వాయించేటప్పుడు ఉంగరపు వేలిని కరణి అంచున ఆనించి, చూపుడు వేలితో అంచు మీద కొడతాము. అలా ఆనించిన వేలు మూలస్వరాన్ని ఆపి, తరువాతి స్వరాన్ని మాత్రం విడిగా పలికిస్తుంది. టామ్ మీద మీరు చేయబోయేదీ అచ్చం ఆ పనే. నాలుగేళ్ల మృదంగం వృథా పోలేదు.

మరో పోలిక కూడా చెప్పాలని ఉంది. జాజ్ డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ వాయిస్తున్న పాత వీడియోలు చూస్తే, ఆయన మోచేతిని టామ్ మీద నొక్కి శ్రుతిని జారుస్తూ వాయించడం కనిపిస్తుంది. మృదంగం ఎడమ వైపు, అంటే మన తొప్పి మీద, గుమ్కీ అనే జారుడు నాదం వినిపించే ఆనందమే అది. ఒంటి పొర స్కిన్ వేశాక ఒకసారి ప్రయత్నించండి. నూనె స్కిన్ మీద అది పలకదు.

స్నేర్ తీగల గొడవ కూడా శ్రుతికి సంబంధించినదే. మీ టామ్ స్వరమూ స్నేర్ కింది స్కిన్ స్వరమూ దగ్గరగా ఉంటే, ఒకటి పలికినప్పుడు రెండోది అనునాదం ఇస్తుంది, తీగలు దాన్ని బయటపెడతాయి. తంబురా పక్కన పెట్టిన ఖాళీ చెంబు ఒక్కోసారి రొదపెట్టడం మీరు వినే ఉంటారు. రెండింటిలో ఒకదాన్ని అర స్వరం జరిపితే చాలావరకు సర్దుకుంటుంది.

జవాబు: సౌండు మనిషి, చిత్తూరు

పైన ఇద్దరూ చెప్పినది గదిలో వాయించడానికి బాగానే ఉంది, కానీ నేను ఇరవై ఏళ్లుగా కళ్యాణ మండపాల్లో సౌండు పెడుతున్నవాణ్ని కాబట్టి ఒక మాట ఎదురు చెప్పక తప్పదు. టైల్స్ నేల, రేకుల పైకప్పు, మూడు వైపులా ఖాళీ గోడలు ఉన్న మన హాళ్లలో నోరు తెరిచిన బేస్ డ్రమ్ పెడితే, దాని మోత గోడలకు తగిలి తిరిగి వచ్చేసరికి బేస్ గిటార్ ఏ స్వరం వాయించిందో దేవుడికే తెలియాలి. తువ్వాలు మీద ఇంత ద్వేషం పనికిరాదు. చోటును బట్టి కొంచెం నొక్కడం తెలిసినవాడే మంచి డ్రమ్మర్ అని నా అభిప్రాయం. స్నేర్ అంచున ఒక పర్సు పెట్టి, హాలు నిండాక తీసేసిన వాద్యకారులను చూశాను. జనం కూర్చున్న హాలు ఖాళీ హాలు కంటే మోతను ఎక్కువగా తాగేస్తుంది.

అంగుళాల లెక్కల మీద కూడా మరీ పట్టుదల వద్దు. 1963లో పదిహేడేళ్ల వయసులో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంలో చేరిన డ్రమ్మర్ టోనీ విలియమ్స్ 18 అంగుళాల బేస్ డ్రమ్‌తో పేరు తెచ్చుకుని, తరువాతి కాలంలో 24 అంగుళాలకు మారారు. పెద్ద బ్యాండ్లలో 24, 26 అంగుళాలవి మామూలే.

మైకుల గురించి కూడా ఒక మాట. ముగ్గురే వాయించే కచేరీకి ప్రతి డ్రమ్‌కూ మైకు అడగకండి. నెత్తి మీద ఒకటి, బేస్ డ్రమ్ ముందు ఒకటి ఉంటే చాలు, అది కూడా హాలు పెద్దదైతేనే. పన్నెండు మైకులు పెడితే మా అద్దె పెరుగుతుంది నిజమే గానీ, మీరు నెల రోజులు కష్టపడి కలిపిన శ్రుతి మా పెట్టెల్లో కలగాపులగం అయిపోతుంది.

ప్రశ్నించినవారు మళ్లీ: కొర్లగుంట డ్రమ్మర్

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నాను, ఎందుకంటే ముందు చేసి చూసి చెప్పాలనుకున్నాను. చెన్నై నుంచి గరుకు పూత ఉన్న ఒంటి పొర స్కిన్‌లు తెప్పించాను. గ్రానైట్ బండ పరీక్షలో చిన్న టామ్ గట్టెక్కింది. ఫ్లోర్ టామ్ కింద మాత్రం ఒక చోట సన్నటి వెలుతురు గీత కనిపించింది. పాత కరెంటు బిల్లు కాగితం అందులో దూరింది, రెండు మడతలు వేస్తే దూరలేదు. సర్దుకుపోవచ్చన్న మాట పట్టుకుని దాన్ని అలాగే బిగించాను. ఆ పక్కనున్న రాడ్ ఇప్పటికీ మిగిలిన వాటికంటే త్వరగా జారుతోంది.

అరచేత్తో నొక్కినప్పుడు వచ్చిన చిటపటకు, ముందే చెప్పి ఉన్నా, గుండె ఆగినంత పనైంది. ఆరు రాడ్ల దగ్గర ఆరు స్వరాలు వినిపించడం, అందులో అసలు దొంగ ఎదుటి పక్క రాడ్ కావడం అక్షరాలా నిజమైంది. మృదంగం పక్కన రాయి, పుల్ల పట్టుకుని కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. ఆ ఓపిక ఇన్నాళ్లూ ఈ డ్రమ్స్‌కు ఎందుకు ఇవ్వలేదో నాకే సిగ్గనిపించింది. ఫ్లోర్ టామ్ నుంచి చిన్న టామ్‌కు శుద్ధ మధ్యమం కుదిరేసరికి రాత్రి పదకొండయింది, పక్కింటివాళ్లు కిటికీ మూసుకున్నారు.

స్నేర్ మీద బ్రష్ తిప్పితే చాటలో బియ్యం చెరుగుతున్నట్టు వినిపించింది. ఇంతకాలం ఆ చప్పుడు రికార్డింగ్ మాయ అనుకునేవాణ్ని. తీగల జరజర పూర్తిగా పోలేదు. చిన్న టామ్‌ను అర స్వరం పైకి జరిపాక మూడొంతులు తగ్గింది. మధ్యమం కాస్త తప్పినా దాని కోసం ఆ త్యాగం చేశాను. బేస్ డ్రమ్‌కు ఫెల్ట్ పట్టీ చాలలేదు, మా సాధన గది పైకప్పు రేకులది కాబట్టి సౌండు అన్నగారి మాట విని ఒక చిన్న తువ్వాలును స్కిన్‌కు ఆనీ ఆనకుండా లోపల పరిచాను. చిత్తూరు అన్నగారు క్షమించాలి.

పెద్దాయన గురువారం వచ్చి రెండు పాటలు వాయించారు. బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు. మూడో పాట మధ్యలో సాక్సఫోన్ దించి, నా వైపు చూసి, ఎనిమిది ఆవర్తాలు నన్నొక్కణ్నే వాయించమన్నట్టు చెయ్యి చూపించారు. నేను సిద్ధంగా లేను, నాలుగో ఆవర్తానికే తడబడ్డాను.

ఇంకొక్క సందేహం మిగిలింది. ఇప్పుడు అన్నీ నిశ్శబ్దంగా వాయిస్తుంటే బేస్ డ్రమ్ పెడల్ కీచుమనడం స్పష్టంగా వినిపిస్తోంది. కొబ్బరి నూనె వేయవచ్చా?

జవాబు: పాత డ్రమ్మర్, చిత్తూరు

తువ్వాలు గురించి క్షమాపణ అక్కర్లేదు, దిండు మాత్రం లోపలికి రాకుండా చూసుకోండి. కొబ్బరి నూనె వద్దు. మార్గశిరం చలికి గడ్డకట్టి, దుమ్ము పట్టి పెడల్‌ను ఇంకా బిగిస్తుంది. కుట్టుమిషను నూనె స్ప్రింగు పైకొక్కెం దగ్గర ఒక చుక్క, ఇరుసు రెండు చివరలా ఒక్కో చుక్క వేసి, మిగిలినది గుడ్డతో తుడిచేయండి. జారే రాడ్ కింద ఉన్న వాషర్ అరిగిందేమో కూడా ఒకసారి విప్పి చూడండి.